చోటు వెతుకుతున్న మేనల్లుడికి

బరంపురం

చిరంజీవి శ్రీనుకు మేనత్త ఆశీర్వదించి వ్రాయునది.

సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు కాబోయే భార్యకు మొదటి ముద్దు పెట్టడానికి మంచి చోటు ఏదని మా చిన్నదాన్ని అడిగావట. అది నా దగ్గర ఏదీ దాచదని తెలిసి కూడా దాన్నే అడిగావంటే, నన్ను అడిగినట్లే లెక్క. చుట్టాలు వస్తే నా కొంగు వెనక నక్కిన పిల్లవాడు ఇంతవాడయ్యాడా అని ముందు నవ్వుకున్నాను. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీకు 27 ఏళ్లు, ఆ పిల్లకు 25, నిశ్చితార్థమూ అయింది కనుక ముద్దుకు నా అభ్యంతరం లేదు. నా దిగులంతా చోటు గురించే.

రామలింగేశ్వర పార్కు వద్దు, మన బంధువుల కళ్లన్నీ అక్కడే ఉంటాయి. తారాతారిణి కొండ మీద అమ్మవారు ఉన్నారు, ఆ మాట చాలు. ఛత్రపురం దగ్గర తంపరా చెరువులో పడవ షికారు బాగుంటుంది గానీ, నడినీటికి చేరాక ఆ పిల్ల మనసు మారితే ఎటు పోతుంది?

నీ మనసు గోపాలపూర్ సముద్రపు ఒడ్డు మీద ఉందని విన్నాను. మీ మావయ్య మనసూ అక్కడే ఉండేది. ఆయన రాయగడ కొండల మధ్య పెరిగిన మనిషి కనుక, సూర్యుడు ఏ సముద్రంలోకైనా దిగుతాడనుకున్నారు. మన తీరంలో సూర్యుడు నీళ్లలోంచి లేస్తాడే గానీ నీళ్లలోకి దిగడని చెప్పబోతే, సిగ్గుతో తప్పించుకుంటున్నానని అనుకున్నారు. జనం మధ్య బాగుండదని సరుగుడు తోటల దాకా నడిపించారు. సూర్యుడు మా వీపు వెనక ఊరి మీదుగా దిగిపోయాడు, చూస్తుండగానే చీకటి పడింది. బస్సు ఎక్కడ ఆగుతుందో ఆయనకే తెలుసు, టికెట్టు డబ్బులూ ఆయన జేబులోనే ఉన్నాయి. ఎంతో మర్యాదగా ‘నీకు ఇష్టమేనా’ అని అడిగారు కూడా. నాకు ఇష్టమే. అయినా నోట మాట రాలేదు. కాదన్నందుకు ఈయన ముఖం ముడుచుకుంటే నేను ఇంటికి చేరేది ఎలా అన్న ఆలోచనే తల నిండా ఉంటే, ఇష్టం ఎక్కడ నిలుస్తుంది? నా మౌనాన్ని ఆయన సిగ్గు అనుకున్నారు. అంతలో ఎవరో ఇద్దరు టార్చిలైటు ముఖాన వేసి, ఏ ఊరు, ఈ పిల్ల ఎవరు అని ఒడియాలో దబాయిస్తే, ఆయన కంగారులో తెలుగులో జవాబు చెప్పారు, నేను కల్పించుకుని సర్దవలసి వచ్చింది. తప్పంతా ఆ టార్చిలైటు వాళ్లదేనని ఆయన చాలా కాలం నమ్మారు. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు అసలు సంగతి చెబితే, ఆ పూట అన్నం సహించక లేచిపోయారు. అంత మంచి మనిషికే తట్టలేదురా, నీకు తడుతుందని ధీమాగా ఎలా ఉండను?

కనుక గోపాలపూర్ వెళ్తే ఉదయం పూట, వెలుగు వచ్చాకే బయలుదేరండి. ఆ పిల్లను నీ బండి వెనక ఎక్కించుకోవద్దు. ఉన్నది సుమారు 15 కిలోమీటర్ల దారే, తన స్కూటీ మీద తనను రానీ, తనకు తోచినప్పుడు తిరిగి పోనీ. అలల్లోకి దిగకండి, ఆ సముద్రం మనిషిని లోపలికి లాగుతుంది. మెల్లగా తెలుగులో మాట్లాడుకుంటే ఎవరికీ తెలియదనుకునేవు, అక్కడి పడవల వాళ్లలో చాలామంది తెలుగువాళ్లే. వాళ్లతో భయం లేదు. ఫోనెత్తి వీడియో తీసే కుర్రాళ్లంటేనే నాకు భయం, ఆ వీడియో నీకంటే ఆ పిల్లకే ఎక్కువ చేటు చేస్తుంది. బహిరంగ ప్రదేశంలో అశ్లీల చేష్టలతో ఇతరులకు ఇబ్బంది కలిగిస్తే, భారతీయ న్యాయ సంహిత 296వ సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు గానీ, 1000 రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ ఉంటాయి. ముద్దు అశ్లీలం కాదని కోర్టులో వాదించవచ్చు. సముద్రపు ఒడ్డున కానిస్టేబులుతో వాదించి గెలిచిన వాణ్ణి నేను చూడలేదు.

అందుకని సముద్రం చూసుకుని, తిరుగు దారిలో ఇద్దరూ మా ఇంటికి రండి. డాబా మీద మల్లె పందిరి ఉంది, పక్క ఇళ్లు మా ఇంటికంటే పొట్టివి. నేను కింద వంటింట్లో ఉంటాను, మీ మావయ్యను బజారుకు పంపిస్తాను, మెట్ల తలుపు తెరిచే ఉంచుతాను. ముందు ఈ ఉత్తరం ఆ పిల్లకు చూపించు. తనకు వేరే చోటు నచ్చితే అదే ఖాయం చేసుకోండి. వచ్చేట్లయితే ముందు రోజు ఫోను చెయ్యి, వడలకు పప్పు నానబెట్టాలి.

ఇట్లు,
మీ అత్త