కుడి బొటనవేలు ఎందుకు లేపుతున్నావు?

ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం షూటర్ ఆటల గురించే, అందులోనూ కంట్రోలర్ల గొడవే. మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు.

అక్కా, నా దగ్గర పీఎస్5, మా బావ దగ్గర ఎక్స్‌బాక్స్. ఇద్దరం కాల్ ఆఫ్ డ్యూటీ ఆడతాం. ఎడమ స్టిక్ పైన, కుడి స్టిక్ కింద ఉన్న ఎక్స్‌బాక్స్ ప్యాడే షూటర్లకి కరెక్ట్ అని బావ వాదన. సంక్రాంతికి మొదలైన గొడవ ఇంకా తెగలేదు. నన్ను ఎక్స్‌బాక్స్ వాళ్ళ ఖరీదైన ఎలైట్ ప్యాడ్ కొనుక్కోమంటున్నాడు. మీరే తేల్చండి.
*డిగ్రీ విద్యార్థి, హనుమకొండ*

ముందు నీ డబ్బు కాపాడతాను తమ్ముడూ. ఎలైట్ ప్యాడ్ నీ పీఎస్5కి నేరుగా కనెక్ట్ కాదు. నీ పీఎస్5 ప్యాడ్ డ్యువల్‌సెన్స్ బావ ఎక్స్‌బాక్స్‌కీ కాదు. ఎవరు ఏ కన్సోల్ కొన్నారో ఆ రోజే మీ వాదన సగం తేలిపోయింది.

ఇక మిగతా సగం. రెండు ప్యాడ్లూ పక్కపక్కన పెట్టి చూడండి. షూటర్‌లో ఎడమ స్టిక్ నడకకి, కుడి స్టిక్ గురికి. కుడి స్టిక్ రెండింట్లోనూ ఒకే చోట, కిందే ఉంది! తేడా అంతా నడిపించే స్టిక్‌లోనే. ఎక్స్‌బాక్స్‌లో ఎడమ బొటనవేలు మామూలుగా ఆనే చోటే స్టిక్ ఉంటుంది కాబట్టి గంటలు గంటలు ఆడేవాళ్ళకి కాస్త హాయి. చేతికి హాయి గురించైతే బావ గెలిచాడు. షూటర్లకి అదే కరెక్ట్ అంటే మాత్రం నేను ఒప్పుకోను.

సికింద్రాబాద్‌లో నా రిపేర్ బెంచీ దగ్గరికి 'ఎయిమ్ కుదరట్లేదక్కా, ప్యాడ్ మార్చాలా' అంటూ వచ్చే కుర్రాళ్ళని నేను ముందు అడిగేది ఒకటే. దూకడానికి ఏం నొక్కుతావు? ఎక్స్ బటన్ అంటారు. అంటే దూకిన ప్రతిసారీ కుడి బొటనవేలు స్టిక్ వదిలి బటన్ మీదికి వెళ్ళింది. ఆ క్షణంలో గురి పెట్టే వేలే లేదు. వంగడం, రీలోడ్, గన్ మార్చడం, అన్నీ ఆ వేలితోనే. ఎదుటివాడు ఎప్పుడు కాలుస్తాడు? సరిగ్గా అప్పుడే.

ఇది ఎవరి తప్పూ కాదు, పాత ఇంటి ప్లాను అంతే. ఆ నాలుగు బటన్లు బొటనవేలి కింద పెట్టిన రోజుల్లో ప్యాడ్ మీద కుడి స్టిక్ అన్నదే లేదు. సోనీ 1997లో రెండు స్టిక్కుల ప్యాడ్ తెచ్చింది కానీ బటన్లు ఉన్నచోటే ఉన్నాయి. 2000లో ప్లేస్టేషన్ మీద ఏలియన్ రిజరెక్షన్ ఆట ఎడమ స్టిక్‌తో నడక, కుడి స్టిక్‌తో చూపు పెడితే సమీక్షకులు విసుక్కున్నారు కూడా. మరుసటి ఏడాది ఎక్స్‌బాక్స్‌తో పాటు హేలో వచ్చి అదే పద్ధతిని అందరికీ అలవాటు చేసింది. అప్పటి నుంచీ ఒక్క వేలికి రెండు ఉద్యోగాలు.

అందుకే నన్నడిగితే షూటర్‌కి మంచి ప్యాడ్ అంటే కుడి బొటనవేలిని స్టిక్ మీదే ఉండనిచ్చేది. వెనక బటన్లున్న ప్యాడ్లు చేసే పని అదే. ఎలైట్ సిరీస్ 2కి వెనక నాలుగు మీటలు, సోనీ ఖరీదైన ప్యాడ్ డ్యువల్‌సెన్స్ ఎడ్జ్‌కి రెండు. ఖాళీగా ప్యాడ్ పట్టుకుని కూర్చున్న మధ్య వేలికి దూకే పని అప్పజెప్పడం అన్నమాట. నాకు రెండు చాలు. నాలుగున్నవాళ్ళలో చాలామంది గట్టిగా పట్టుకున్నప్పుడు పొరపాటున నొక్కేసి రెండు పీకి పక్కన పెడుతున్నారు.

కానీ ఎడ్జ్ 2023లో అమెరికాలో 200 డాలర్లకు వచ్చింది, అప్పుడు మామూలు ప్యాడ్ 70. అంత పెట్టేముందు పైసా ఖర్చు లేని పని ఒకటి చెయ్యి. ఆట సెట్టింగ్స్‌లో బటన్ లేఅవుట్ తెరిచి బంపర్ జంపర్ టాక్టికల్ పెట్టు. దూకడం ఎల్1 (ఎడమ చూపుడు వేలి బటన్) మీదికి వస్తుంది, వంగడం కుడి స్టిక్ నొక్కితే వస్తుంది. మొదటి వారం నీ మీద నీకే కోపం వస్తుంది, బాంబు వేయబోయి దూకుతావు. ఓర్చుకో. అలాగే పీఎస్5 సెట్టింగ్స్‌లో ట్రిగ్గర్ ఎఫెక్ట్ ఆపెయ్యి. ట్రిగ్గర్ బిగుసుకోవడం కథ ఉన్న ఆటల్లో బాగుంటుంది, ఆన్‌లైన్ మ్యాచ్‌లో నీ వేలికి బరువు తప్ప ఇంకేం కాదు. ఇవన్నీ అలవాటయ్యాక కూడా చెయ్యి చాలట్లేదు అనిపిస్తే అప్పుడు ఎడ్జ్ మాట చూద్దాం.

అక్కా, ఫోన్లో ఆడే బీజీఎంఐ షూటర్‌లో నాది నాలుగు వేళ్ళ క్లా పట్టు, జైరో (ఫోన్ తిప్పితే గురి తిరగడం) ఆల్వేస్ ఆన్. కాలేజీలో నన్ను కొట్టేవాడు లేడు. మొన్న అన్నయ్య పీఎస్5 తెచ్చాడు. స్టిక్‌తో ఎయిమ్ చేస్తుంటే నేను వాటం తెలియని వాడిలా అయిపోతున్నాను. నేను ఫోన్‌కే పనికొస్తానా?
*ఇంటర్ సెకండియర్, రాజమహేంద్రవరం*

నీకు వచ్చినది చాలామంది కన్సోల్ వాళ్ళకి రాదు, ముందు అది తెలుసుకో. నీ డ్యువల్‌సెన్స్ లోపల ఫోన్లో ఉన్నలాంటి జైరోనే ఉంది. 2022లో ఫోర్ట్‌నైట్ ప్లేస్టేషన్‌లో జైరో ఇచ్చింది, అదే ఏడాది కాల్ ఆఫ్ డ్యూటీ మోడర్న్ వార్‌ఫేర్ 2 కూడా ఇచ్చింది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది, సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేసుకోవాలి. నింటెండో వాళ్ళు స్ప్లాటూన్‌తో 2015 నుంచే ఇలా ఆడుతున్నారు.

ఫోన్లో నువ్వు చూసే స్కోప్ ఆన్, ఆల్వేస్ ఆన్ లాంటి ఎంపికలే ఇక్కడా ఉంటాయి. నువ్వు ముందు గురి పెట్టినప్పుడు మాత్రమే పనిచేసేలా పెట్టుకో. ఎందుకంటే ఫోన్లో తెర నీ చేతుల్లో ఉంటుంది, చేతులతో పాటే తిరుగుతుంది. ఇక్కడ తెర గోడకుంది, చేతులు మాత్రమే కదులుతాయి. ఆ తేడాకి కళ్ళు సర్దుకోవడానికి కొంత టైం పడుతుంది. పెద్ద మలుపులన్నీ స్టిక్‌తో తిప్పు, చివర్లో తలకి గురి సరిచేయడానికి మణికట్టు వాడు. సెన్సిటివిటీ ఫోన్లో అంకెలే ఇక్కడా పెడితే కుదరదు, తక్కువలో మొదలుపెట్టి పెంచుకుంటూ వెళ్ళు. జైరో వాడితే ఎయిమ్ అసిస్ట్ (గురి పెట్టడానికి ఆటే చేసే సాయం) తగ్గుతుందా లేదా అన్నది ఆటని బట్టి ఉంటుంది, సెట్టింగ్స్‌లో చూసుకో.

ఇంకొకటి. మామూలు ఎక్స్‌బాక్స్ ప్యాడ్‌లో జైరో లేదు, ఎలైట్‌లోనూ లేదు. హనుమకొండ తమ్ముడు ఇది చదువుతుంటే బావకి చదివి వినిపించవచ్చు. ఫోన్ మీద జైరోతో పెరిగిన మన పిల్లలు కన్సోల్ కొనేటప్పుడు దుకాణాల్లో ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం నాకు ఆశ్చర్యం.

మేడమ్, మా అబ్బాయి టెన్త్. కన్సోల్‌కి మౌస్, కీబోర్డు తగిలించే అడాప్టర్ ఒకటి ఆన్‌లైన్లో చూశాడు. అది పెట్టుకుంటేనే గెలుస్తానని రోజూ పోరు. కొనిపెట్టమంటారా? అందులో తప్పేమైనా ఉందా?
*ఒక తల్లి, కర్నూలు*

వద్దమ్మా. తప్పు ఉంది, డబ్బు కూడా దండగ.

సంగతి ఏమిటంటే స్టిక్‌తో గురి పెట్టడం మౌస్‌తో పెట్టడం కంటే కష్టం. అందుకని ప్యాడ్ వాడేవాళ్ళకి ఆటే కొంచెం సాయం చేస్తుంది. గురి శత్రువు దగ్గరికి రాగానే కాస్త నెమ్మదిస్తుంది, ఒక్కోసారి వెంట కూడా తిరుగుతుంది. దాన్నే ఎయిమ్ అసిస్ట్ అంటారు. ఈ అడాప్టర్ కన్సోల్‌తో 'నేను ప్యాడ్‌నే' అని అబద్ధం చెప్తుంది. దాంతో పిల్లవాడికి మౌస్ వేగమూ దక్కుతుంది, ప్యాడ్‌కి ఇచ్చే సాయమూ దక్కుతుంది. ఎదురుగా ఆడేవాడికి ఈ రెండూ కలిపి ఉండవు కదా.

కంపెనీలు కూడా ఊరుకోవడం లేదు. 2023 నవంబర్ నుంచి ఎక్స్‌బాక్స్‌లో అనుమతి లేని పరికరాలని కన్సోలే అడ్డుకుంటోంది. రెయిన్‌బో సిక్స్ సీజ్ ఆట తయారుచేసిన యూబీసాఫ్ట్ అదే ఏడాది ఇంకో ఉపాయం చేసింది. అడాప్టర్ దొరికితే వెంటనే గెంటెయ్యకుండా, నొక్కిన ప్రతి బటన్ ఆలస్యంగా అందేలా చేసింది. నాకైతే ఆ శిక్ష తెగ నచ్చింది. కాల్ ఆఫ్ డ్యూటీలో అకౌంటే పోవచ్చు, దాంతో అబ్బాయి డబ్బు పెట్టి కొన్నవన్నీ పోతాయి.

అబ్బాయికి నిజంగా మౌస్ మీదే మనసుంటే దొంగదారి అక్కర్లేదు. ఫోర్ట్‌నైట్, కాల్ ఆఫ్ డ్యూటీ లాంటి ఆటలు మామూలు యూఎస్‌బీ మౌస్, కీబోర్డు నేరుగా కన్సోల్‌కి పెట్టుకోనిస్తాయి. ఇంట్లో కంప్యూటర్‌కున్నవే చాలు. అప్పుడు ఎయిమ్ అసిస్ట్ ఉండదు, అది న్యాయమే. వాలరెంట్ కన్సోల్‌కి వచ్చినప్పుడు మాత్రం మౌస్ వద్దే వద్దన్నారు, అక్కడ అందరూ ప్యాడ్‌తోనే ఆడాలి. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో అయితే కంట్రోలర్నే బల్ల మీద అడ్డంగా పెట్టి మౌస్‌లా జరపవచ్చు. ఇది మాత్రం అబ్బాయి కంటపడకుండా చూసుకోండి, ఇంకో కన్సోల్ అడుగుతాడు.

హాయ్ అండీ. రెండో డ్యువల్‌సెన్స్ కూడా డ్రిఫ్ట్ మొదలుపెట్టింది. నేను ముట్టుకోకుండానే గురి నెమ్మదిగా ఎడమకి పోతుంది. హాల్ ఎఫెక్ట్ స్టిక్కులు, టీఎంఆర్ స్టిక్కులు అంటున్నారు. షూటర్లకి ఏది మంచిది? ఎందుకు నా ప్యాడ్లే పోతున్నాయి?
*సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్*

మీ ఒక్కరివే కాదండీ. ఏ కంపెనీ మామూలు ప్యాడ్ విప్పినా స్టిక్ పక్కన రెండు చిన్న పాట్‌లు (స్టిక్ ఎంత వంగిందో కొలిచే భాగాలు) ఉంటాయి, నిలువుకి ఒకటి, అడ్డానికి ఒకటి. పాత రేడియో వాల్యూమ్ మీట లోపల ఉన్నట్టే, కార్బన్ పట్టీ మీద ఒక రేకు రాసుకుంటూ తిరుగుతుంది. రాసుకుని రాసుకుని పట్టీ అరుగుతుంది. ఆ పొడే అక్కడ చేరుతుంది. అప్పుడు స్టిక్ మధ్యలోనే ఉన్నా 'ఎడమకి వంగింది' అని లెక్క వెళ్తుంది. నింటెండో స్విచ్ కంట్రోలర్లు జాయ్‌కాన్‌లకి ఈ జబ్బు ఎంత ముదిరిందంటే 2020లో ఆ కంపెనీ అధ్యక్షుడు వాటాదారుల ముందు క్షమాపణ చెప్పాడు.

షూటర్లు ఆడేవాళ్ళవి త్వరగా పోవడానికి కారణం ఉంది. గురి సరిచేసే చిన్న చిన్న కదలికలన్నీ స్టిక్ మధ్య చుట్టూనే జరుగుతాయి, పట్టీలో ఆ ముక్కే అరుగుతుంది. ఎడమ స్టిక్‌ని పరుగు కోసం ప్రతిసారీ లోపలికి కుక్కుతారు, దానితో ఆ భాగమంతా వదులవుతుంది. ఆటలో ఆటోమేటిక్ స్ప్రింట్ ఆన్ చేసుకోండి, ఆ బాధ పోతుంది. ఇంకోటి, తిట్టుకోకండి, నా దగ్గరికి వచ్చే ప్యాడ్లలో చాలావాటి స్టిక్కుల చుట్టూ నూనె జిడ్డు ఉంటుంది. బజ్జీలు, మిక్చర్ తింటూ ఆడేది ఎవరో విప్పగానే తెలుస్తుంది.

హాల్ ఎఫెక్ట్ అంటే కొత్తేం కాదు. ఎడ్విన్ హాల్ అనే ఆయన 1879లో కనిపెట్టిన సూత్రం. సెగా వాళ్ళు 1996లోనే శాటర్న్ 3డీ ప్యాడ్‌లో పెట్టారు. అయస్కాంతం కదులుతుంది, సెన్సర్ దూరం నుంచి కొలుస్తుంది, ఏదీ దేనికీ రాసుకోదు. టీఎంఆర్‌దీ అయస్కాంతమే, కానీ తక్కువ కరెంట్‌తో ఇంకా సన్నగా కొలుస్తుంది. రెండూ ఒకే ధరకి దొరికితే టీఎంఆర్ తీసుకోండి. కాకపోతే స్ప్రింగులు, ప్లాస్టిక్ భాగాలు వీటికీ అరుగుతాయి, జీవితాంతం ఉంటుందని ఎవరైనా అంటే నమ్మకండి.

మీకు అసలు చిక్కు పీఎస్5. చవకగా దొరికే హాల్ ప్యాడ్లలో చాలావరకు ఎక్స్‌బాక్స్, కంప్యూటర్, స్విచ్ కోసం చేసినవి. అట్ట మీద పీఎస్5 అని రాసుందో లేదో చూసి కొనండి. ఎడ్జ్‌లో స్టిక్ భాగం మొత్తం చేత్తో ఊడదీసి కొత్తది పెట్టుకోవచ్చు, ఆ ఏర్పాటు గొప్పది, కానీ లోపల ఉన్నవి మళ్ళీ పాట్‌లే. మీ పాత ప్యాడ్‌కే హాల్ స్టిక్కులు వేయించాలంటే డజనుకు పైగా లోహపు కాళ్ళ టంకం కరిగించి ఊడదీయాలి, తర్వాత కాలిబ్రేషన్, అంటే స్టిక్ మధ్య ఎక్కడో ప్యాడ్‌కి మళ్ళీ నేర్పడం, చేయాలి. ఆ రెండోది చేయకుండా ఇచ్చేవాడి దగ్గర వేయించకండి. ఏడాది వారంటీ మిగిలుంటే మాత్రం స్క్రూ కూడా తాకకుండా కంపెనీకే పంపండి.

ఈలోగా ఆట సెట్టింగ్స్‌లో డెడ్‌జోన్ (స్టిక్ మధ్యలో కాస్త కదిలినా ఆట పట్టించుకోని మేర) కొద్దికొద్దిగా పెంచండి, గురి ఆగిన చోట ఆపండి. అంతకంటే పెంచితే డ్రిఫ్ట్ పోతుంది కానీ దానితో పాటు చిన్న కదలికలూ పోతాయి.

అక్కా, నాది ఎడమచేతి వాటం. స్టిక్కులు మార్చుకోవచ్చా?
*విజయనగరం*

మార్చుకోవచ్చు. ఆటలో సౌత్‌పా అని ఉంటుంది. ప్యాడ్ మీద ఎలాగూ రెండు చేతులూ పనిచేస్తాయి కాబట్టి ఎడమచేతి వాళ్ళలో చాలామంది మామూలుగానే ఆడేస్తారు. మ్యాచ్‌లోకి వెళ్ళకుండా ప్రాక్టీసులో రెండూ చూసుకుని పెట్టుకో.

వైర్ పెట్టి ఆడితే నిజంగా తేడా ఉంటుందా అండీ? మా తమ్ముడు వైర్ లేకపోతే ఓడిపోతాను అంటాడు.
*నిజామాబాద్*

మీ ఇంట్లో ముందు చూడాల్సింది టీవీ. గేమ్ మోడ్ ఆఫ్‌లో ఉంటే టీవీ బొమ్మకి మెరుగులు దిద్దుతూ చేసే ఆలస్యం ముందు బ్లూటూత్ ఆలస్యం లెక్కలోకే రాదు. అది ఆన్ చేశాక కూడా వైర్ కావాలంటే పెట్టుకోనివ్వండి, ఛార్జింగ్ గొడవ తప్పుతుంది. డ్యువల్‌సెన్స్‌కైతే మామూలు యూఎస్‌బీ సీ వైరే, పొడుగుది కొనండి. పొట్టి వైరు లాగీ లాగీ ప్యాడ్ పోర్టు ఊడగొట్టుకుని నా దగ్గరికి వచ్చేవాళ్ళు డ్రిఫ్ట్ వాళ్ళతో పోటీ పడుతున్నారు.