సొరుగు లాగి చూడండి

ప్రశ్న: ఓ పాత చెక్క బీరువా చూశాను. ఒక్క మేకూ కనపడలేదు, సొరుగులు మాత్రం ఇప్పటికీ సాఫీగా జారుతున్నాయి. ఇందులో అసలు పనితనం ఎక్కడుందండీ?

జవాబు: అందరి కళ్లూ ముందు చెక్కిన లతల మీదే పడతాయి. నేనైతే సొరుగు బయటికి లాగి మూల చూస్తాను. పావురం తోక ఆకారంలో పళ్లు కోసి ఒకదాంట్లో ఒకటి దించి ఉంటారు. ఎంత లాగినా ముందు పలక ఊడి రాదు. పళ్లన్నీ అచ్చు గుద్దినట్టు లేకుండా, వాటి మొదలు దగ్గర సన్నటి గీత కనిపిస్తే చాలావరకు చేతిపనే. ఉలి పెట్టేముందు గీసుకున్న గుర్తది.

తలుపు సంగతి ఇంకా ముచ్చటైనది. తేమకి చెక్క వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు కదలదు. అందుకే మధ్య పలకకి జిగురు పెట్టకుండా చట్రం గాడిలో కాస్త వదులుగా కూర్చోబెడతారు. బిగిస్తే పగులుతుంది. ఎండాకాలంలో పలక అంచున రంగు అంటని చార బయటపడితే కంగారుపడి లప్పం పూయకండి.