ప్రెస్సింగ్ చేయించిన సంగతి కొనేవారికి చెప్పాలా?

మిర్యాలగూడ మిత్రులకు నమస్కారం. సీజీసీ (కామిక్ పుస్తకాల స్థితిని చూసి పదికి గ్రేడు వేసి, ప్లాస్టిక్ కేసులో మూసి ఇచ్చే సంస్థ) పునరుద్ధరణ జరగని ప్రతులకిచ్చే నీలి లేబుల్‌తో 9.0 గ్రేడున్న అమెరికన్ కామిక్‌ను ప్లాస్టిక్ కేసులోంచి తీయించి, ప్రెస్సింగ్ చేయించి, తిరిగి పంపితే 9.4 వచ్చిందనీ, లేబుల్‌పై ఆ ప్రస్తావనే లేనప్పుడు నల్లగొండలో కొంటానన్న ఆయనకు చెప్పాలా అనీ అడిగారు. తప్పకుండా చెప్పండి.

వేడి, తేమ, ఒత్తిడితో కాగితంలోని సొట్టలను సరిచేసే ప్రెస్సింగ్‌ను సీజీసీ పునరుద్ధరణగా లెక్కించదు కనుక లేబుల్‌పై రాయదు. రంగు పూయడం, పోయిన ముక్కలు చేర్చడం, అంచులు కత్తిరించడం వంటివి పునరుద్ధరణ కిందికి వస్తాయి. వాటికి సాధారణంగా ఊదా లేబుల్ పడుతుంది, ధర కూడా బాగా పడిపోతుంది.

అయితే లేబుల్‌కు అక్కర్లేని సంగతి కొనేవారికీ అక్కర్లేదనుకోవడం సరికాదు. ప్రెస్ చేయని ప్రతులనే ఏరికోరి కొనేవారు ఉన్నారు. పైగా మూసిన కేసులోంచి చూసి ప్రెస్సింగ్‌ను గుర్తుపట్టడం వారికి దాదాపు అసాధ్యం. వెన్ను దగ్గర సిరా విరిగి తెల్లగీత పడితే అది ప్రెస్సింగ్‌తో పోదు గానీ, రంగు చెదరని వేలినొక్కులు ఆనవాలు లేకుండా పోతాయి. వాటి సంగతి తెలిసినవారు మీరొక్కరే.

మాటతో సరిపెట్టక రసీదులోనే "ప్రెస్సింగ్ చేయించాను, అంతకుముందు గ్రేడు 9.0" అని రాసి, పాత లేబుల్ ఫోటో ఉంటే జతచేయండి. మీకంటే ముందున్న యజమాని ఏం చేయించారో తెలియకపోతే, తెలియదనే రాయండి. "ఎప్పుడూ ప్రెస్ కాలేదు" అని మాత్రం హామీ ఇవ్వకండి.