తమ్ముడికి, పెద్ద అంకెల గురించి

కర్నూలు

తమ్ముడూ,

గండికోట ముంపు మీద నువ్వు రాసిన కథ నిన్న రెండుసార్లు చదివాను. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెద్దాయన వాకిలి తలుపు ఊడదీసి ట్రాక్టర్‌లో వేసుకుంటాడే, అక్కడ చదవడం ఆపి కాసేపు అట్లే కూర్చున్నాను. తర్వాతి పేజీలో అదే మనిషి కట్ట మీద నిలబడి "ఇరవై ఏడు బిలియన్ ఘనపుటడుగుల నీళ్ళు" అనుకుంటాడు. అక్కడ నాకు పెద్దాయన కనపడలేదు, నువ్వు చూసిన ఇంగ్లీషు రిపోర్టు కనపడింది. ఈ ఉత్తరం ఆ ఒక్క మాట కోసమే.

బిలియన్ అంటే 100 కోట్లు. గండికోట నిండితే 26.85 టీఎంసీలు, అంటే 2,685 కోట్ల ఘనపుటడుగులు. లెక్క తప్పు కాదు. కానీ ఆయన నోట పలికే మాట టీఎంసీ. అది కూడా ఇంగ్లీషే కదా అంటావేమో. నిజమే, థౌజండ్ మిలియన్ క్యూబిక్ ఫీట్. అప్పట్లో ఇంగ్లండులో బిలియన్ అంటే మిలియన్ మిలియన్లు, మన లక్ష కోట్లు. 100 కోట్లు చెప్పాలంటే వాళ్ళు థౌజండ్ మిలియన్ అనేవాళ్ళు. 1974లో అక్కడి ప్రభుత్వం అమెరికా లెక్కకు మారింది. మన డ్యాముల లెక్కల్లో మాత్రం పాత మాటే నిలిచిపోయింది. ఇప్పుడు టీ అంగడి దగ్గర చదువు రాని రైతు కూడా "శ్రీశైలంలో ఎన్ని టీఎంసీలు ఉన్నాయంట?" అని అడుగుతాడు. అది మన మాటైపోయింది, ఉంచు.

ఉంచి, దాన్ని ఆయన కళ్ళతో చూపించు. ఒక్క టీఎంసీ నీళ్ళు దాదాపు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తాయి. తన నాలుగెకరాల్లో తడి ఎంత దిగిందో గడ్డపారతో గుచ్చి చూసుకున్న మనిషికి ఆ లెక్క గుండెకు తగులుతుంది.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్తాను. ప్రపంచ జనాభా 400 కోట్లకు చేరిన రోజుల్లో ఒక అమెరికా వ్యాసాన్ని తెలుగు చేశాను. అందులో నాలుగు బిలియన్లని ఉంది. పాత ఇంగ్లండు నిఘంటువు చూసి నాలుగు లక్షల కోట్లని రాసేశాను. వెయ్యింతలు! అచ్చులో వచ్చేసింది. పది రోజులకు రాయదుర్గం నుంచి లెక్కల అయ్యవారొకరు కార్డు రాశారు. భూమ్మీద నేలంతా సమంగా పంచితే, నా లెక్క ప్రకారం మనిషికి ఒక్క సెంటు కూడా రాదట. సరైన లెక్క వేస్తే తొమ్మిదెకరాలు దాటుతుందట. కింద భాగహారం కూడా చేసి పెట్టారు. ఆ కార్డు ఇప్పటికీ నా దగ్గరుంది. అప్పటి నుంచి ఏ పెద్ద అంకె రాసినా ముందు దాన్ని మనుషులకో ఎకరాలకో పంచి చూసుకుంటాను. నువ్వూ అట్లా చెయ్యి.

పేరు ఒకటే ఉండి విలువ మారడం ఇంగ్లీషులోనే కాదు, మన దగ్గరా ఉంది. యజుర్వేదంలో అర్బుదం అంటే కోటి. ఆర్యభటుడి దగ్గరికి వచ్చేసరికి పది కోట్లు. లక్ష కోట్లకు ఆ వేదంలోనే పరార్ధం అని ఒక్క మాట ఉంది. పూజలో సంకల్పం చెప్పేటప్పుడు "ద్వితీయ పరార్ధే" అని వింటుంటాం, అక్కడ మాత్రం అది బ్రహ్మ ఆయుస్సులో సగం. అందుకే పాత గ్రంథాల్లో అంకె కనపడితే పేరు చూసి నమ్మొద్దు, ఆ గ్రంథం దానికి ఎన్ని సున్నాలు పెట్టిందో చూడు. జపాన్ వాళ్ళది ఇంకో దారి. పదివేలకు ఒక పేరు, పది కోట్లకు ఇంకో పేరు, నాలుగేసి అంకెలకు ఒక మజిలీ. మనం వెయ్యి తర్వాత రెండేసి అంకెలకు ఆగుతాం. కామా ఎక్కడ పడుతుందో ఊపిరి అక్కడ ఆగుతుంది. 10,000,000 అని రాస్తే మన పాఠకుడు సున్నాలు లెక్కపెట్టుకోవాలి. 1,00,00,000 అంటే చూడగానే కోటి.

ఒక్క సంగతి తలచుకుంటే నాకు ఎప్పుడూ సంతోషంగా ఉంటుంది. రాయదుర్గం దాటి బళ్ళారి వైపు పోతే వెయ్యిని కన్నడంలో సావిర అంటారు. అది సంస్కృత సహస్రం నుంచి వచ్చింది. తమిళుల ఆయిరం కూడా అంతే. మన వెయ్యి మాత్రం అచ్చంగా మనది. లక్ష, కోటి సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. మా అవ్వ జొన్నలు కొలిచేటప్పుడు ఒకటి అనేది కాదు, "లాభం" అని మొదలుపెట్టి "రెండు, మూడు" అంటూ పోయేది. నీ పెద్దాయన కూడా కళ్ళంలో అట్లా కొలిచిన మనిషే అయ్యుంటాడు. కట్ట మీద నిలబడి మునిగిన చేలను లెక్కపెట్టేటప్పుడు మొదటి చేనుకు ఆయన నోట ఏ మాట వస్తుంది? నువ్వు ఆ చోటు రాయకుండా దాటేశావు.

ఆ పేజీ ఒక్కటే మళ్ళీ రాసి పంపు. మిగతాది కదిలించొద్దు.

ఆశీస్సులతో,
మీ అన్న