పీజీ విద్యార్థుల సర్వే డేటాను విభాగం ఎలా, ఎంతకాలం భద్రపరచాలి?

ఒడిశాలోని గంజాం జిల్లాలో ఒక కళాశాలలో కొత్తగా చేరిన మీరు, ఐదేళ్ళుగా పీజీ విద్యార్థులు చేసిన సర్వేల డేటా కొంత పెన్‌డ్రైవుల్లోనూ, కొంత వాళ్ళ సొంత ల్యాప్‌టాపుల్లోనూ చెల్లాచెదురుగా ఉందనీ, దానిని ఎలా పోగుచేయాలో, ఎంతకాలం ఉంచాలో, అసలు ఉంచుకునే హక్కు విభాగానికి ఉందో లేదో తెలియడం లేదనీ అడిగారు. నేను పొరుగున ఉన్న గజపతి జిల్లాలో పదిహేనేళ్ళకు పైగా అర్థశాస్త్రం బోధిస్తూ, ఏటా ఎనిమిది పది మంది విద్యార్థుల చేత గ్రామ సర్వేలు చేయిస్తున్నాను. డేటా దాచడంలో నా అనుభవం కంటే పోగొట్టుకోవడంలో నా అనుభవమే పెద్దది కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటినప్పుడు మా విభాగపు కింది అంతస్తు గదిలోకి నీళ్ళు వచ్చి, బీరువా అడుగు అరలో ఉన్న ప్రశ్నావళుల కట్టలన్నీ తడిసిపోయాయి. వారం రోజులు వరండాలో తాళ్ళు కట్టి ఆరబెట్టాక చూస్తే బాల్‌పెన్నుతో రాసినవి చాలావరకు నిలిచాయి, జెల్ పెన్నుతో రాసినవి మాత్రం నీలి మరకలుగా మిగిలాయి. (అప్పటి నుంచి మా దగ్గర సర్వేకు వెళ్ళేవారికి జెల్ పెన్ను నిషేధం.) అయితే ఆ సందర్భంలో మాకు తెలిసివచ్చిన అసలు నష్టం, చుక్క నీరు తగలని పై అంతస్తు కంప్యూటరులో ఉంది.

అందులో అంతకు మూడేళ్ళ ముందు బ్యాచ్ కాశీనగర్ వైపు గ్రామాల్లో సేకరించిన వరి దిగుబడుల ఎక్సెల్ ఫైలు భద్రంగా తెరుచుకుంది. ‘దిగు’ అనే శీర్షిక కింద 3, 14, 22 వంటి అంకెలు వరుసగా ఉన్నాయి. అవి పుట్లా, బస్తాలా, క్వింటాళ్ళా అన్నది ఎక్కడా రాసి లేదు. బస్తా అనుకుంటే ఒక ఊళ్ళో 75 కిలోలకు, పక్క ఊళ్ళో 80 కిలోలకు లెక్క కడతారు. పుట్టి సంగతి చెప్పనే అక్కర్లేదు, ఊరు మారితే తూనికే మారుతుంది. కొన్ని గడుల్లో 99 అని ఉంది. అది ‘తెలియదు’ అన్న జవాబో, ‘చెప్పడానికి ఇష్టపడలేదు’ అన్న జవాబో, నిజంగానే తొంభై తొమ్మిదో తేల్చుకోలేకపోయాం. సూరత్‌లో ఉద్యోగం చేసుకుంటున్న ఆ విద్యార్థికి ఫోన్ చేస్తే, పాపం, చాలాసేపు ఆలోచించి “గుర్తు లేదండీ సార్, ఆ కాగితాలు చూస్తే చెప్పగలను” అన్నాడు. ఫైలు తయారైంది కదా అని ఆ కాగితాలను మేమే పాతకాగితాల వాడికి అమ్మేశాం.

కాబట్టి నా సలహాలో మొదటిదీ ముఖ్యమైనదీ ఇది. విద్యార్థి వైవాకు కూర్చోక ముందే, నో డ్యూస్ పత్రంపై మీరు సంతకం పెట్టక ముందే, ముడి డేటానూ దానిని వివరించే పత్రాన్నీ విభాగానికి అప్పగించాలనే నియమం పెట్టండి. లైబ్రరీ పుస్తకం తిరిగి ఇవ్వనిదే నో డ్యూస్ ఇవ్వని మనం, వందల ఇళ్ళ గడప తొక్కి తెచ్చిన సమాచారాన్ని మాత్రం అడగకుండా వదిలేస్తున్నాం. ఫలితాలు వచ్చాక ఎంత మంచి పిల్లవాడైనా ఫైలు పంపడు, పంపినా వివరణ రాయడు.

ఆ వివరణ పత్రం రెండు మూడు పేజీలకు మించనక్కర్లేదు. ఒక్కొక్క శీర్షిక పూర్తి పేరు, కొలమానం, ప్రతి సంకేతానికి అర్థం, సర్వే జరిగిన నెల, ఇళ్ళను ఎంపిక చేసిన పద్ధతి, ఏ ఇంట్లో ఏ భాషలో ప్రశ్నలు అడిగారో అందులో ఉండాలి. చివరిది మన సరిహద్దు జిల్లాల్లో చాలా అవసరం. ప్రశ్నావళి ఒడియాలో అచ్చై ఉంటుంది, విద్యార్థి దానిని తెలుగులో అడుగుతాడు, సవర గిరిజనుల ఇంట్లోనైతే మధ్యలో ఇంకొకరు అనువదిస్తారు. ‘అప్పు’ అన్న ఒక్క మాటే మూడు భాషలు దాటేసరికి చేబదులును కలుపుకుంటుందో లేదో తర్వాత చదివేవారికి తెలియాలి కదా. పత్రం పూర్తయిందో లేదో తెలుసుకోవడానికి మేము అదే తరగతిలోని మరో విద్యార్థికి ఫైలూ పత్రమూ ఇచ్చి, రిపోర్టులోని ఒక పట్టికను మళ్ళీ తయారు చేయమంటాం. అతడు వచ్చి ఏదైనా అడిగాడంటే, ఆ సంగతి పత్రంలో లేదన్నమాట.

ఎంతకాలం ఉంచాలన్న దానికి ఒకే జవాబు లేదు. జర్మనీలో పరిశోధనలకు నిధులిచ్చే సంస్థ డీఎఫ్‌జీ సాధారణంగా పదేళ్ళు ఉంచమంటుంది, బ్రిటన్‌లో అలాంటిదే అయిన ఈపీఎస్‌ఆర్‌సీ కూడా కనీసం పదేళ్ళు అంటుంది, అమెరికా ప్రభుత్వ గ్రాంట్లకు తుది లెక్కలు సమర్పించాక మూడేళ్ళు. మన దగ్గర పీహెచ్‌డీ గ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతి విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను కలిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రానికి చేరాలని యూజీసీ నియమం ఉన్నందువల్ల అవి దాని ఆన్‌లైన్ భాండాగారం శోధగంగలో దొరుకుతాయి గానీ, అక్కడ ఉండేది గ్రంథం మాత్రమే, దాని వెనుక ఉన్న ముడి డేటా కాదు. ఇక పీజీ ప్రాజెక్టులు అక్కడికి వెళ్ళనే వెళ్ళవు. మేము పాటించేది ఇది: మామూలు పీజీ ప్రాజెక్టు డేటాను ఫలితాలు వచ్చాక మూడేళ్ళు, ఏదైనా పత్రికలో ప్రచురితమైన దానిని పదేళ్ళు ఉంచుతాం. మళ్ళీ అవే గ్రామాలకు వెళ్ళి పోల్చి చూడదగ్గ మంచి సర్వే అయితే, పేర్లు తీసివేసి శాశ్వతంగా ఉంచుతాం.

హక్కు సంగతికి వస్తే, డేటా విద్యార్థి శ్రమ, సమాచారం గ్రామస్థులది. విభాగం దానికి కాపలాదారు మాత్రమే అనుకుంటే చాలా చిక్కులు వాటంతటవే విడిపోతాయి. ఒక ప్రతి విభాగంలో ఉంటుందనీ, తర్వాతి బ్యాచ్‌లు వాడుకుంటే తన పేరు పేర్కొంటారనీ విద్యార్థితో ముందే సంతకం చేయించుకోండి. గ్రామస్థుల నుంచి తీసుకునే సమ్మతి పత్రంలో కూడా డేటాను ఎంతకాలం ఉంచుతామో, మరొకరు వాడవచ్చో లేదో వాళ్ళ భాషలో చదివి వినిపించి వేలిముద్ర వేయించాలి.

నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది పేర్ల గురించి. సర్వే నిజంగా చేశామని గైడుకు నిరూపించడానికి కొందరు విద్యార్థులు ఆధార్ కార్డుల ఫోటోలు తీసుకొస్తారు. అడిగి తెప్పించుకునే గైడులూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయించకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు షరతులతో మినహాయింపు ఇచ్చింది గానీ, అవసరం లేని కార్డు ఫోటోను దాచుకోవడానికి అది సాకు కాకూడదు. పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న జాబితా ఒక కవరులో తాళం వేసిన బీరువాలోనూ, అంకెల ఫైలు వేరే చోటా ఉండాలి. పేరు తీసేసినంత మాత్రాన మనిషి కనబడకుండా పోడు. నలభై ఇళ్ళ ఊళ్ళో ‘కిరాణా కొట్టు నడిపే వితంతువు, వయసు 52’ అని ఉంటే, ఆమె ఎవరో సంతకు వచ్చిన వాళ్ళెవరైనా చెప్పేస్తారు. అటువంటి చోట వయసును పదేళ్ళ వర్గంగానూ, ఊరిని బ్లాకు పేరుగానూ మార్చి ఉంచండి.

సాంకేతిక విషయాలు మూడు నాలుగు చాలు. గూగుల్ ఫారంతో సర్వే చేస్తే అది విభాగపు ఖాతాలోనే తయారు కావాలి. 2022 నుంచి విద్యాసంస్థలకు గూగుల్ ఇచ్చే అపరిమిత నిల్వ పోయి, ఉచిత ప్లానులో సంస్థ మొత్తానికి 100 టెరాబైట్ల పరిమితి వచ్చాక, చదువు ముగిసిన వారి ఖాతాలను తీసివేస్తున్న సంస్థలు ఉన్నాయి. ఖాతాతో పాటు ఫారం, జవాబులు కూడా పోతాయి. ‘3-2’ వంటి సంకేతాలను ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తుంది కాబట్టి ‘3ఆ’ వంటివి వాడండి. అను, ఆకృతి వంటి పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన జవాబులను ఇప్పుడే ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లోకి మార్చి, తుది ప్రతిని సీఎస్‌వీ (ఏ సాఫ్ట్‌వేరుతోనైనా తెరుచుకునే సాదా పాఠం ఫైలు) రూపంలో కూడా ఉంచండి. ఒక ప్రతి విభాగపు కంప్యూటరులో, ఒకటి మరో భవనపు పై అంతస్తులోని హార్డ్ డిస్కులో, ఒకటి ఊరికి దూరంగా ఉండాలి. పేర్లు లేని, సమ్మతి ఉన్న డేటా అయితే యూరప్ అణు పరిశోధన సంస్థ సెర్న్ నడిపే ఆన్‌లైన్ డేటా భాండాగారం జెనోడోలో ఉచితంగా పెట్టవచ్చు, శాశ్వత గుర్తింపు సంఖ్య కూడా ఇస్తారు. సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు కంప్యూటర్లకు బొట్టు పెట్టే రోజునే మేము ఆ డిస్కులు తెరిచి, ఫైళ్ళు చదవగలుగుతున్నామో లేదో చూసుకుంటాం.

ఇక మీ దగ్గర పేరుకుపోయిన ఐదేళ్ళ డేటాలో, చివరి రెండు బ్యాచ్‌ల వారికి ఈ నెలలోనే ఫోన్ చేయండి. వాళ్ళకు ఇంకా గుర్తు ఉంటుంది. వాళ్ళు చెబుతుండగా వివరణ పత్రం మీరే రాసుకోండి, రాసి పంపమంటే రాదు. అంతకు ముందు బ్యాచ్‌ల డేటాలో కాగితాలు మిగిలి ఉన్నవాటిని ఉంచి, కాగితమూ వివరణా రెండూ లేని ఫైళ్ళలోని పేర్లూ ఫోన్ నంబర్లూ ముందుగా చెరిపేసి, మిగిలినదాన్ని ఉంచాలో తీసేయాలో విభాగ సమావేశంలో తీర్మానం రాసుకుని నిర్ణయించండి.