ప్యాకెట్ మీది నెలలు నమ్మకు

చిరంజీవి సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు ఫోనులో పంపిన ఫొటో చూశాను. ఊదా రంగు మీద నల్ల మచ్చలు, బొటనవేలి గోరంత గింజ. అవి రన్నర్ బీన్సే, తీగలా పైకి పాకే బీన్స్ రకం. ఏప్రిల్, మే నెలల్లో విత్తమని ప్యాకెట్ మీద రాశారన్నావు. అది చలిదేశాల వాళ్ల లెక్క. మన బెంగళూరులో ఏడాది మొత్తానికి ఎక్కువ వేడి ఉండేది ఏప్రిల్‌లోనే. ఈ తీగ పుట్టిల్లేమో మెక్సికో, మధ్య అమెరికాల్లోని చల్లటి కొండలు.

మొదటిసారి నేనూ ఇది ఎండాకాలం పంటే అనుకుని మార్చిలో పెట్టాను. తీగ పిట్టగోడ దాటింది, ఎర్రటి పూలు గుత్తులుగా పూశాయి, ఎదురింటి వాళ్లు వచ్చి ఫొటోలు కూడా తీసుకున్నారు. కాయ ఒక్కటీ నిలవలేదు. ఎండ ముదిరితే పూత రాలిపోతుంది మరి. "పూలమొక్క బాగుంది" అని మీ పెదనాన్న ఏడాదంతా ఆటపట్టించారు. సెప్టెంబరు చివర విత్తిన ఏడాదే కూర వండగలిగాను. రెండు నెలలకు, చలిగాలి మొదలయ్యాక పూత వచ్చింది.

ఇరవై లీటర్ల పెయింటు బకెట్‌కు అడుగున బెజ్జాలు పెట్టి, ఎర్రమట్టిలో మాగిన పశువుల ఎరువు కలుపు. బకెట్‌కు రెండు గింజలు, రెండంగుళాల లోతున. నానబెట్టకు, కుళ్లుతాయి. మామూలు బీన్స్ మొలక పప్పుబద్దలను నెత్తిన పెట్టుకుని పైకి వస్తుంది. ఇది వాటిని మట్టిలోనే వదిలేసి ఆకులతో లేస్తుంది. బద్దలు కనబడలేదని తవ్వి చూడకు. ఎనిమిదడుగుల వెదురు కర్రలు ముందే పాతు. యూరియా జోలికి పోకు, ఆకులే తప్ప కాయలుండవు.

అసలు సంగతి తేనెటీగలు. మామూలు బీన్స్ పువ్వు తనంతట తానే కాయ కడుతుంది. ఈ పువ్వుకు మాత్రం తేనెటీగ వచ్చి వాలాలి. అందుకే పక్కన తులసి కుండీ పెట్టు, దాని వెన్నులు తుంచకుండా వదిలెయ్. పేనుబంక పడితే వేపనూనెను సబ్బునీళ్లలో కలిపి, తేనెటీగలు వెళ్లిపోయాక సాయంత్రం పూట చల్లు. పూలమీద పడనివ్వకు.

కాయ జానెడు కాకముందే, విరిస్తే టప్పుమనే దశలో కోసెయ్. రెండు రోజులకోసారి కోయాలి. గింజ ముదరనిస్తే తీగ ఇక పూత తగ్గించేస్తుంది. పచ్చిగా మాత్రం ఎవరికీ పెట్టకు, విషపదార్థం ఉంటుంది, బాగా ఉడకాలి. ఈనెలు తీసి సన్నగా తరిగి, కొబ్బరి కోరు వేసి కూర చెయ్యి. వేరు దుంపలా ఊరుతుంది కాబట్టి తీగ ఎండాక పైభాగమే కోసి, బకెట్‌ను నీడన పెట్టు. మళ్లీ చిగురిస్తే నీ అదృష్టం.

పన్నెండు గింజలన్నావు కదా, ఎనిమిదే విత్తు. నా డబ్బాలోవి పోయినేడు పురుగు పట్టిపోయాయి. ఆ నాలుగూ నాకు దాచిపెట్టు.

మీ పెద్దమ్మ