డబ్బు కట్టి చూసే ఛానళ్లలో ప్రకటనలు వేయవచ్చా?

విజయనగరంలో నెలనెలా కేబుల్ బిల్లు కడుతున్నా పే ఛానళ్లలో ప్రకటనలు ఎందుకని అడిగారు. చందా తీసుకుంటే ప్రకటనలు వేయకూడదన్న నిబంధన మన దేశంలో లేదు. ఉన్నది సమయ పరిమితే: కేబుల్ టెలివిజన్ నియమాలు, 1994 ప్రకారం గంటకు 12 నిమిషాలు. అందులో వ్యాపార ప్రకటనలకు 10, ఛానల్ సొంత ప్రచారానికి 2.

మీ బిల్లు మొత్తం ఛానల్‌కు చేరదు. నెట్‌వర్క్ రుసుము, పన్ను, పంపిణీదారుల వాటా పోగా మిగిలిందే దానిది. లోటును ప్రకటనలు పూడుస్తాయి. ఇంతవరకు న్యాయమే. కానీ సీరియల్ ఉత్కంఠలో ఉండగా ఆపి, సబ్బులూ నగల దుకాణాలూ వరసగా చూపి, పరిమితి దాటితే అది చందాదారుకు అన్యాయం. అందుకు వీధిలోని ఆపరేటర్‌ను నిందించకండి. తేదీ, సమయం రాసుకుని నేరుగా ఛానల్‌కే ఫిర్యాదు పంపండి. ఆ నియమాలకు 2021లో చేసిన సవరణ ప్రకారం ఛానల్ దాన్ని 15 రోజుల్లో పరిష్కరించాలి.